విపణి వీధి అనడం పునరుక్తి అవుతుందా?

సందేహం: నగరం నడిబొడ్డున ఉండే దుకాణాల వీధుల చరిత్రపై వ్యాసం రాస్తూ 'విపణి వీధి' అన్నాను. విపణి అన్నా వీధే కనుక అది పునరుక్తి అని ఒక మిత్రుడు దిద్దారు. 'షాపింగ్ స్ట్రీట్'కు సరైన తెలుగు మాట ఏది?

సమాధానం: మీ మిత్రుడి అభ్యంతరానికి ఆధారం ఉంది. అమరకోశం పురవర్గంలో 'ఆపణస్తు నిషద్యాయాం విపణిః పణ్యవీథికా' అని ఉంది. ఆపణం అంటే అంగడి. విపణి అంటే పణ్యవీథిక, అంటే అమ్మకపు సరుకులుండే వీధి. అయితే ఇప్పటి తెలుగులో విపణికి ఆ అర్థం నిలవలేదు. 'అంతర్జాతీయ విపణి' అన్నప్పుడు ఎవరికీ వీధి స్ఫురించదు, క్రయవిక్రయాల వ్యవస్థే స్ఫురిస్తుంది. కాబట్టి వీధిని చెప్పదలచినప్పుడు ఆ మాటను చేర్చక తప్పదు. అది దోషం కాదు.

ఆ పాదంలోనే ఉన్న 'నిషద్య' మీ వ్యాసానికి మరింత ఉపకరిస్తుంది. ఆ మాటకు మూలార్థం కూర్చునే చోటు. అమ్మేవాడు సరుకు ముందు పెట్టుకొని కూర్చుంటే, కొనేవాడు వీధిలోనే నిలబడి బేరమాడిన కాలపు అంగడి ఆ ఒక్క మాటలో కనిపిస్తుంది. తరువాత కొనేవాడు లోపలికి అడుగుపెట్టాడు. పంతొమ్మిదో శతాబ్దంలో పెద్ద గాజు పలకలు వాడుకలోకి రావడంతో, ఏమీ కొనకపోయినా సరుకులు చూసుకుంటూ నడవడం ఆ వీధుల స్వభావంలో భాగమైంది. సంస్కృతంలోని 'పణ్యవీథిక' సరుకును బట్టి, మన 'అంగడి వీధి' దుకాణాన్ని బట్టి ఏర్పడితే, 'షాపింగ్' కొనేవాడి పనిని బట్టి ఏర్పడింది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 1953లో వాహనాలకు చోటులేకుండా నిర్మించిన లైన్‌బాన్ వంటి వీధికి ఈ చివరి మాట బాగా అతుకుతుంది, ఆ పేరుకు అసలు అర్థం తాళ్లు పేనే బాట అయినప్పటికీ.

అందువల్ల పాత కాలపు వీధిని వర్ణించేటప్పుడు 'అంగడి వీధి' అనే రాయండి. తమిళ, కన్నడ, మలయాళాలలోనూ దగ్గరి రూపాలున్న ద్రావిడ పదమది. ప్రాచీన తమిళ సాహిత్యంలో పగటి అంగడి నాళంగాడి, రాత్రి అంగడి అల్లంగాడి. 'అంగళ్ల వీధి' అని బహువచనం పెట్టనక్కరలేదు. మామిడితోట అన్నప్పుడు ఒక్క చెట్టే ఉందని ఎవరూ అనుకోరు కదా.

పారసీకం నుంచి వచ్చిన 'బజారు'ను పరాయి మాటగా తోసిపుచ్చడం నాకు సమ్మతం కాదు. అయితే కొన్ని ప్రాంతాల్లో దుకాణాలు లేని మామూలు వీధిని కూడా బజారనే అంటారు కనుక, చరిత్ర వ్యాసంలో అర్థం తేటపడేలా వాడాలి. 'వాణిజ్య వీధి' అంటే బ్యాంకులూ కార్యాలయాలూ చేరిపోతాయి. 'కొనుగోళ్ల వీధి' అనువాదపు వాసన వేస్తుంది. ఈనాటి వీధికి 'షాపింగ్ వీధి' అన్నా తప్పులేదు.

ఇక సంస్కృత రూపం 'వీథి', నేటి వాడుక 'వీధి'. రెండూ ఒప్పే గాని, ఒకే వ్యాసంలో రెండింటినీ కలపకండి.