టెక్ సందేహాలు: పదమూడేళ్లు దాటిన రోవర్‌ను ఫోనులోంచి గమనించడం ఎలా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఒక్కచోట చేర్చాను. వాటిలో మూడు అంగారకుడిపై ఉన్న క్యూరియాసిటీ రోవర్ గురించి నేరుగా అడిగినవి. నాలుగోది ఒక ఫోను మరమ్మతుకు సంబంధించినదే అయినా, దాని జవాబు కూడా అంగారకుడి మీదే దొరికింది.

ప్రశ్న: "క్యూరియాసిటీ పంపిన ప్రత్యక్ష ప్రసారం" అంటూ వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. అందులో గాలి హోరు కూడా వినిపిస్తోంది. మా మనవరాలు చూసి ఎంతో సంబరపడింది. అది నిజమైనదేనా? రోవర్ రోజువారీ పురోగతిని ఎక్కడ చూడాలి? (గుంటూరు జిల్లా నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు)

అది నిజమైనది కాదండి. క్యూరియాసిటీకి మైక్రోఫోనే లేదు. అంగారకుడి మీద గాలి చప్పుడును రికార్డు చేసి పంపినది 2021 ఫిబ్రవరిలో దిగిన పర్సెవరెన్స్ అనే మరో రోవర్. ఇక ప్రత్యక్ష ప్రసారమన్నది అసలు కుదరని పని. రెండు గ్రహాల మధ్య దూరాన్ని బట్టి సంకేతం ఒకవైపు ప్రయాణించడానికే సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. పైగా రోవర్ తన ఫోటోలలో అధిక భాగాన్ని నేరుగా భూమికి పంపదు. అంగారకుడి చుట్టూ తిరిగే ఉపగ్రహాలు తన తల మీదుగా వెళ్లే కొద్ది నిమిషాల్లో వాటికి అందిస్తే, అవి మనకు చేరవేస్తాయి.

అసలైన ఫోటోలు చూడాలంటే నాసా వెబ్‌సైటులో క్యూరియాసిటీ పేజీకి వెళ్లి "రా ఇమేజెస్" అనే విభాగం తెరవండి. ఖాతా తెరవాల్సిన పని లేదు, రుసుము లేదు. రోవర్ నుంచి వచ్చినవి వచ్చినట్టుగా, ఏ మెరుగులూ దిద్దకుండా అక్కడ పెడతారు. మొదట్లో కొన్ని తపాలా బిళ్లంత చిన్నవిగా కనిపిస్తే మీ ఫోనులో లోపమని అనుకోకండి. రోవర్ ముందుగా చిన్న నమూనాలను పంపుతుంది, పూర్తి పరిమాణంలో ఉన్నవి ఆ తర్వాత వస్తాయి. నలుపు తెలుపుల్లో ఉన్నవి చాలావరకు దారి చూసుకునే కెమెరాలవి, రంగుల్లో ఉన్నవి స్తంభం మీది మాస్ట్‌క్యామ్‌వి. మాస్ట్‌క్యామ్ ఫైలు పేరు మొదట ఉండే నాలుగు అంకెలు ఆ ఫోటో తీసిన "సోల్" సంఖ్యను తెలుపుతాయి.

సోల్ అంటే అంగారకుడి మీద ఒక పగలూ రాత్రీ కలిపి గడిచే కాలం, అంటే 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. క్యూరియాసిటీ దిగిన రోజును సున్నాగా పెట్టుకుని అక్కడినుంచి లెక్కిస్తారు. మీరు ఉపాధ్యాయులు కాబట్టి ఈ లెక్కను మనవరాలి చేత చేయించవచ్చు. 2012 ఆగస్టు 6న, మన కాలమానం ప్రకారం ఉదయం 11 గంటల ప్రాంతంలో, రోవర్ దిగినట్టు కబురు అందింది. ఆనాటి నుంచి గడిచిన రోజులను 1.0275తో భాగిస్తే సోల్ సంఖ్య వస్తుంది. ఉదాహరణకు 2023 నవంబర్ 7 నాటికి గడిచిన రోజులు 4,110. వాటిని భాగిస్తే సరిగ్గా 4,000 వస్తుంది, రోవర్ 4,000వ సోల్‌కు చేరింది కూడా ఆ రోజే. ఇకపై ఎవరైనా "నేటి ఫోటో" అని పంపితే అది నిజంగా నేటిదో, పదేళ్ల కిందటిదో ఆ పాపే చెప్పగలుగుతుంది. ఫార్వర్డులను ఎలా పరీక్షించాలో పిల్లలకు నేర్పడానికి ఇంతకన్నా చక్కని పాఠం నాకు తోచడం లేదు.

ప్రశ్న: 8 జీబీ ర్యామ్ ఉన్న నా ఫోను మూడేళ్లకే నత్తనడక నడుస్తోంది. క్యూరియాసిటీ కంప్యూటర్ ఇన్నేళ్లుగా ఎలా పనిచేస్తోంది? దానికీ అప్‌డేట్లు వస్తాయా? (హైదరాబాద్ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని)

దాని ర్యామ్ 256 ఎంబీ, ఫ్లాష్ మెమరీ (ఫోనులో స్టోరేజి లాంటిది) 2 జీబీ మాత్రమే. ర్యాడ్750 అనే దాని ప్రాసెసర్ వేగం 200 మెగాహెర్ట్జ్‌కు మించదు. వేగం కోసం కాక, అంతరిక్ష రేడియేషన్‌ను తట్టుకోవడం కోసం దాన్ని ఎంచుకున్నారు. ఫోను నెమ్మదించడానికి ప్రధాన కారణం చిప్పు ముసలిదవడం కాదు. ఏటేటా బరువెక్కే యాప్‌లు, నిండిపోయే స్టోరేజి, శక్తి తగ్గిన బ్యాటరీ కలిసి దాన్ని కుంగదీస్తాయి. రోవర్‌లో నడిచేది దానికోసమే రాసిన ప్రోగ్రాములు మాత్రమే, అక్కరలేనిదాన్ని అందులో ఉంచరు. దిగిన కొద్ది రోజులకే, దిగడానికి ఉపయోగపడిన సాఫ్ట్‌వేర్ స్థానంలో నేల మీద తిరగడానికి కావలసినదాన్ని ఎక్కించారు. ఒకేలాంటి రెండు కంప్యూటర్లు ఉండటం మరో రక్షణ. 2013 ఫిబ్రవరిలో ఒకదాని మెమరీలో లోపం తలెత్తితే రెండోదానికి మారారు, 2018లో రెండోది ఇబ్బంది పెడితే మళ్లీ మొదటిదాన్ని నిద్రలేపారు.

అప్‌డేట్ల విషయానికి వస్తే, నాకు ఈ రోవర్ మీద గౌరవం పెరిగింది అక్కడే. దాని ఆరు అల్యూమినియం చక్రాల వ్యాసం 50 సెంటీమీటర్లు, రేకు మందం 0.75 మిల్లీమీటర్లు మాత్రమే. గాలి కోతకు పదునెక్కి, నేలలో గట్టిగా నాటుకుపోయిన రాళ్ల మీద నడవడం వల్ల 2013లోనే వాటికి చిల్లులు పడ్డాయి. చక్రం మార్చడానికి అక్కడ మెకానిక్ లేడు కాబట్టి కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజినీర్లు కోడ్‌ను ఆశ్రయించారు. రాయి ఎక్కుతున్న చక్రం వేగాన్ని, మిగిలిన చక్రాల వేగాన్ని విడివిడిగా సర్దుతూ రేకు మీద ఒత్తిడి తగ్గించే ప్రోగ్రామును 2017లో పంపారు. 2023 ఏప్రిల్ 3 నుంచి 7 వరకు శాస్త్రీయ పనులన్నీ ఆపి, సుమారు 180 మార్పులున్న పెద్ద అప్‌డేట్‌ను ఎక్కించారు. చక్రాలను తక్కువసార్లు తిప్పుతూ, వంపుదారిలో సాఫీగా సాగే ఏర్పాటు వాటిలో ఒకటి. రాళ్లను తొలిచే డ్రిల్లును ముందుకు నెట్టే యంత్రభాగం 2016 డిసెంబరులో మొరాయించినప్పుడూ ఇదే పట్టుదల చూపారు. డ్రిల్లును బయటికి చాచి ఉంచి, రోవర్ చేతి బలంతోనే నొక్కే కొత్త పద్ధతిని భూమి మీద నెలల తరబడి సాధన చేసి, 2018 మేలో మళ్లీ రాతిపొడి తీయగలిగారు.

ఆ చిల్లుల చక్రాలతోనే రోవర్ గేల్ బిలం మధ్యలో ఉన్న, సుమారు 5 కిలోమీటర్ల ఎత్తైన షార్ప్ పర్వతాన్ని 2014 నుంచి ఎక్కుతోంది. 2024 మేలో ఒక రాయి దాని బరువుకు చిట్లితే లోపల పసుపుపచ్చని స్ఫటికాలు కనిపించాయి. పరీక్షిస్తే అవి స్వచ్ఛమైన గంధకమని తేలింది. అంగారకుడి మీద అలాంటి గంధకం కనబడటం అదే తొలిసారి.

మీ ఫోను సంగతి: వాడని యాప్‌లు తీసేయండి, స్టోరేజిలో ఐదో వంతైనా ఖాళీగా ఉంచండి, సెట్టింగుల్లో బ్యాటరీ ఆరోగ్యం చూడండి. అది 80 శాతం కన్నా తక్కువగా ఉంటే, కొత్త ఫోను కొనే ముందు కొత్త బ్యాటరీ వేయించి చూడండి.

ప్రశ్న: స్టోరేజి నిండిపోయాక మా నాన్నగారి ఫోను మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. ఫోటోలు పోకుండా బాగుచేయవచ్చా?

ఇదే జబ్బు 2004 జనవరిలో స్పిరిట్ అనే రోవర్‌కు వచ్చింది. అంగారకుడి మీద 18వ సోల్‌న మాట పడిపోయి, అరవైసార్లకు పైగా రీస్టార్ట్ అయింది, రాత్రిళ్లు నిద్రపోక బ్యాటరీని హరించుకుంది. ఫ్లాష్ మెమరీలో ఫైళ్లు విపరీతంగా పేరుకుపోయి, వాటి పట్టికను తెరవడానికి కావలసినంత ర్యామ్ లేకపోవడమే కారణం. ఇంజినీర్లు ఆ ఫ్లాష్‌ను తాకకుండా, ర్యామ్‌తో మాత్రమే లేవమని ఆదేశం పంపారు. లేచాక అనవసరపు ఫైళ్లు తుడిచేసి, తర్వాత ఫార్మాట్ చేశారు.

మీరు పాటించాల్సిన క్రమమూ అదే. ఆండ్రాయిడ్ ఫోనైతే సేఫ్ మోడ్‌లో, అంటే మనం వేసుకున్న యాప్‌లు నడవని పద్ధతిలో, తెరవండి. తెరుచుకోగానే పెద్ద వీడియోలను కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు ఎక్కించి, అవి అక్కడ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే ఫోనులోంచి తొలగించండి. ఫ్యాక్టరీ రీసెట్ చివరి మార్గం, బ్యాకప్ లేకుండా దాని జోలికి వెళ్లకండి.

ప్రశ్న: క్యూరియాసిటీకి సోలార్ పలకలు లేవు కదా, దాని కరెంటు ఎప్పటికి అయిపోతుంది? 2023 నవంబరులో కొన్నాళ్లు కొత్త ఫోటోలు ఎందుకు రాలేదు? (విశాఖపట్నం)

దానికి ప్లుటోనియం-238 వేడి నుంచి విద్యుత్తు తయారవుతుంది. మొదట్లో అది సుమారు 110 వాట్లు ఇచ్చేది, అంటే ఒక సీలింగ్ ఫ్యానుకు పోగా కొంత మిగిలేంత. ఆ ప్లుటోనియం అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే కాలం, 87.7 ఏళ్లు కాబట్టి పద్నాలుగేళ్లలో వేడి పదో వంతు మాత్రమే తగ్గుతుంది. అయితే వేడిని విద్యుత్తుగా మార్చే భాగాలు కూడా అరుగుతాయి కనుక కరెంటు అంతకన్నా ఎక్కువగానే పడిపోతుంది. ఒక్కసారిగా ఆగిపోదు, ఏటేటా సన్నగిల్లుతుంది. రోవర్‌లోని బ్యాటరీలు ఆ విద్యుత్తుతో నిండడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి, పనికి మిగిలే గంటలు తగ్గుతాయి. అందుకే 2025 నాటికి ఒక కొత్త పొదుపు నేర్పారు. ఉపగ్రహానికి సమాచారం పంపుతూనే నడవడం లేదా చేయి కదపడం, పని ముందే ముగిస్తే వెంటనే నిద్రకు జారుకోవడం వంటివి అందులో ఉన్నాయి. ఎంతసేపు మేలుకుంటే హీటర్లకూ కంప్యూటర్‌కూ అంత ఖర్చు.

2023 నవంబరు విరామం లోపం కాదు. సుమారు 26 నెలలకోసారి భూమికీ అంగారకుడికీ మధ్య సూర్యుడు అడ్డువస్తాడు. సూర్యుడి చుట్టూ ఉండే వేడి వాయువు వల్ల ఆదేశాలు చెదిరి, తప్పుగా చేరే ప్రమాదం ఉంటుంది కాబట్టి దాదాపు రెండు వారాలు ఏ ఆదేశమూ పంపరు. ఆ ఏడాది నవంబర్ 11 నుంచి 25 వరకు జరిగింది అదే. అన్నాళ్లూ రోవర్ ఉన్నచోటే నిలబడి, ముందే అప్పగించిన వాతావరణ కొలతలు తీసుకుంటూ ఉంటుంది. ఈసారి "రా ఇమేజెస్"లో అలాంటి ఖాళీ కనిపిస్తే, ఆకాశ పటం చూపే ఏదైనా యాప్‌లో అంగారకుడు సూర్యుడికి ఎంత దగ్గరగా ఉన్నాడో చూడండి.