నర్సంపేటలో ప్రాక్టీసు పెడుతున్న బిడ్డకు

బిడ్డా,

హైదరాబాద్‌లో ఎవరైనా సీనియర్ దగ్గర చేరతావనుకుంటే, నర్సంపేటలోనే ప్రాక్టీసు పెడతానన్నావట. మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆయనకు కాస్త టెన్షన్‌గా ఉంది కానీ నాకు సంతోషమే. సుబేదారి లా కాలేజీలో నీకు చెప్పిన పాఠాలు నేను మళ్లీ చెప్పను. చిన్న ఊళ్లో వకీలుగా నిలబడాలంటే "ఈ కేసు నేను తీసుకోను" అని ఎవరికి, ఎప్పుడు చెప్పాలో తెలియాలి. ఈ ఉత్తరమంతా దాని గురించే.

పట్నం వకీలుకు తన కక్షిదారు ఒక్కడే తెలుసు. నీకు అవతలివాడూ తెలుసు. అతని చెల్లె నీతో బడిలో చదివి ఉంటుంది, అతని బాపు మీ నాన్న దగ్గర ఎరువులు ఉద్దెర తీసుకుని ఉంటాడు. పెళ్లి బంతిలో కూర్చుంటే పక్కాయన "ఒక్క మాట వకీలమ్మా" అంటూ తమ్ముడితో ఉన్న పంచాయితీ మొదలుపెడతాడు. అక్కడే ఆపు. "కాగితాలు పట్టుకుని ఆఫీసుకు రండి" అను. అతని గుట్టంతా విన్నాక రేపు ఆ తమ్ముడే వస్తే నువ్వు అతని వకాలత్ మీద సంతకం పెట్టకూడదు. బార్ కౌన్సిల్ ఒప్పుకోదు, ఊరు అసలే ఒప్పుకోదు. అందుకే ఎవరు వచ్చినా నీ మొదటి ప్రశ్న "అవతలి పార్టీ ఎవరు?" అన్నదే కావాలి. పేరు విన్నాకే మిగతాది వినాలో వద్దో తేల్చుకో.

మన చుట్టాల్లో భాగాల గొడవ వస్తే ఏ పక్షానా ఉండకు. ఇద్దరికీ చెరో మంచి వకీలు పేరు చెప్పి పంపు. మన పిల్లే మనకు పనికిరాలేదని తిడతారు, ఆ ఏడు బతుకమ్మకు పలకరించరు. పలకరించకపోతే పోనీ. కేసు తీసుకుంటే మాత్రం ఒక ఇల్లు నీకు శాశ్వతంగా మూతపడుతుంది.

నీకు బువ్వ పెట్టేవి భూమి కేసులే. మనవాళ్లు కథ తాత కాలం నుంచి మొదలుపెడతారు. విను, కానీ ముందు కాగితాలు బల్ల మీద పెట్టించు. పాస్‌బుక్, పాత పహాణీలు (భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో ఏటా రాసే రికార్డు), దొరికితే 1954–55 ఖాస్రా పహాణీ నకలు. పాతవాటి మీద ఫసలీ, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్క, సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలుపుకుంటే మన లెక్కకు దగ్గరగా వస్తుంది. తెల్లకాగితం మీద కొన్నామంటే, అంటే సాదా బైనామా అయితే, మూడు సంగతులు అడుగు: కొన్నది 2014 జూన్ 2 నాటికేనా, పన్నెండేళ్లుగా మోకా మీద, అంటే భూమి స్వాధీనంలో, ఉన్నారా, 2020 అక్టోబర్ – నవంబర్‌లో దరఖాస్తు పెట్టుకున్నారా. ఇప్పటి భూరికార్డుల చట్టం భూభారతిలో క్రమబద్ధీకరణ దారి ఆ దరఖాస్తు ఉన్నవాళ్లకే. కొత్తగూడ, గంగారం వైపు నుంచి వస్తే ఆ ఊరు ఏజెన్సీలో, అంటే గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతంలో, ఉందేమో ముందు చూడు. ఏజెన్సీలో 1/70 భూబదలాయింపు చట్టం ఉంది. గిరిజనేతరులకు చేసిన అమ్మకం చెల్లదు. డబ్బు కట్టి కొన్నానని ఎంత ఏడ్చినా ఆశ పెట్టకు.

ఆన్‌లైన్ భూరికార్డుల ధరణి పోర్టల్ వచ్చినప్పటి నుంచి రికార్డులో పేరు పోయినవాళ్లు, గుంటలు తగ్గినవాళ్లు కోర్టు మెట్ల మీదే కనబడుతున్నారు. తహసీల్దారు దగ్గరో ఆర్డీఓ దగ్గరో తీరే పనికి సివిల్ దావా వేసి పదేళ్లు తిప్పే వకీళ్లు లేకపోలేదు. వాళ్ల ఇళ్లు పెద్దవే. నువ్వు మాత్రం "దీనికి కోర్టు అక్కర్లేదు, ఫలానా ఆఫీసులో దరఖాస్తు పెట్టు" అని చెప్పి, దరఖాస్తు రాసిచ్చినందుకు న్యాయమైన ఫీజు తీసుకో. ఆ రైతు ఊరికి పోయి చెప్పే మాట వల్లే నీకు తర్వాతి కేసు వస్తుంది.

ఫీజు సంగతి మొదటి రోజే చెప్పు, చెప్పింది రాసిపెట్టు. పత్తి ఎనుమాముల మార్కెట్‌కు పోయాక ఇస్తామంటే ఒప్పుకో, మన రైతు చేతిలో డబ్బు ఆడేది అప్పుడే. కానీ "గెలిస్తే పది గుంటలు నీ పేరున రాసిస్తా బిడ్డా" అంటే దండం పెట్టు. గెలుపులో వాటా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. పైగా నీ పది గుంటలు ఆ కేసులో ఉన్నాయంటే రాజీ మంచిదని తెలిసినా నీ నోరు పెగలదు.

తేదీల దగ్గర మొహమాటం వద్దు. ప్రాంసరీ నోటుకు మూడేళ్లు. ఆ లోపల అప్పు తీసుకున్నవాడు కొంత కట్టి, నోటు వెనుక చెల్లు రాసి సంతకం పెడితే మళ్లీ మూడేళ్లు. చెక్కు బౌన్స్ అయితే బ్యాంకు కబురు అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందినవాడికి 15 రోజుల గడువు, ఆ తర్వాత నెలలో ఫిర్యాదు. గడువు దాటిన నోటు పట్టుకొచ్చి "ఎట్లన్న చెయ్యి" అంటారు. తేదీ దిద్దమని కూడా అంటారు. అలాంటివాళ్లను కూర్చోబెట్టి చాయ్ కూడా పోయించకు.

ఆడబిడ్డల దగ్గర మాత్రం తొందరపడి కాదనకు. "పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం, ఇంకేం భాగం?" అని అన్నదమ్ములు అంటారు, ఆమె కూడా నమ్ముతుంది. హిందూ వారసత్వ చట్టం 2005 సవరణతో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ పుట్టుకతోనే హక్కు ఉంది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అయితే 2004 డిసెంబర్ 20 కంటే ముందు రిజిస్టరైన పంపకాలను కదిలించలేం, అదీ చెప్పు. దావా వేస్తే పుట్టింటి గడప దూరమవుతుందని కూడా చెప్పు. నిర్ణయం ఆమెది. ఫీజు లేదంటే న్యాయ సేవా కమిటీకి పంపు, స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో అవార్డు చేయించు. దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితానికి ఆ బలం ఉండదు.

ఇక ఇల్లు. ఆఫీసు ఇంట్లో పెట్టకు. మా వరండాలో పొద్దున ఆరు నుంచే జనం ఉండేవాళ్లు. మీ పెద్దమ్మ పోసిన చాయ్‌లకు లెక్క లేదు, ఆమెకు ఏ కక్షిదారూ రూపాయి ఫీజు ఇవ్వలేదు! బస్టాండ్ దగ్గర చిన్న గది చాలు, బస్సు దిగిన ముసలాయన నడిచి రాగలిగితే అదే మంచి ఆఫీసు. గుడి కమిటీలో, బడి కమిటీలో ఉండమంటారు. ఉండు, అది మన ఊరి పని. కానీ ఆ కమిటీ కేసు ఇంకో వకీలుకు ఇప్పించు. ప్లాట్ల వెంచర్లో పేరు పెట్టమనేవాళ్లను గుమ్మంలోంచే పంపించు.

ఎండాకాలం కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదు. కొత్తదానివని భయపడి మే నెలలో కోటులో ఉడికిపోకు.

ఒక్కటి మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు. నిజాం కాలం సేత్వార్లు (సర్వే నంబర్ల మూల రికార్డు), ముంతఖబ్‌లు (ఇనాం హక్కు పత్రాలు) ఉర్దూలో ఉంటాయి. అవి చదవగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు, చదివిపెట్టేవాడు ఏది చెబితే అదే నిజమనుకోవాల్సి వస్తుంది. ఆదివారాలు హనుమకొండ రా, అక్షరాల నుంచి నేర్పుతాను. వచ్చేటప్పుడు రూళ్ల నోటుబుక్కు ఒకటి తెచ్చుకో.

మీ పెద్దబాపు