ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు షవర్ వాడొచ్చా?

హన్మకొండలో కొత్తింట్లో షవర్ పెట్టించామని, బాపుకు బ్రాంకియెక్టాసిస్ (ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు దెబ్బతిని వెడల్పయ్యే జబ్బు) ఉందని అడిగారు కదా. నన్నడిగితే బాపుకు బకెట్, చెంబే మేలు.

షవర్ హెడ్ విప్పి లోపల వేలు పెట్టి చూడండి, జిగురు తగులుతుంది. ఎన్‌టీఎం (నాన్ ట్యుబర్‌క్యులస్ మైకోబ్యాక్టీరియా) అనే బ్యాక్టీరియా కాపురముండేది అలాంటి జిగురులోనే. టీబీకి చుట్టమే, క్లోరిన్‌కు ఓ పట్టాన చావదు. సన్నటి తుంపర్లతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బాగున్నవాళ్లను సాధారణంగా ఏమీ చేయదు, ముందే దెబ్బతిన్న ఊపిరితిత్తులకే తిప్పలు.

షవరే కావాలంటే పెద్ద రంధ్రాలది పెట్టించి అప్పుడప్పుడు మార్చండి. వెనిగర్‌లో నానబెడితే బోరునీళ్ల తెల్లసుద్ద పోతుంది గానీ, ఈ బ్యాక్టీరియా కూడా పోతుందని నమ్ముకోవద్దు. ఈ బ్యాక్టీరియా అంతగా పెరగకుండా గీజర్ 55 డిగ్రీలకు తగ్గకుండా పెట్టండి. చన్నీళ్లు కలుపుకొనే పోసుకోవాలి, లేకుంటే ఒళ్లు కాలుతుంది. స్నానమయ్యేదాకా ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగనివ్వండి.