పడవల బడికి వెళ్తానంటున్న భర్త, మూత తీయని గోంగూర గిన్నె

ప్రశ్న: మాది కాకినాడ దగ్గరి ఊరు. పన్నెండేళ్లుగా అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బోథెల్‌లో ఉంటున్నాము. గ్రీన్ కార్డులు ఉన్నాయి, తొమ్మిదేళ్ల పాప ఉంది. నేను ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. మావారి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గత నెల పోయింది. ఆరు నెలల జీతం చేతికిచ్చి పంపారు. ఇప్పుడాయన వేరే ఉద్యోగం వెతకకుండా, వచ్చే ఏడాది పోర్ట్ హాడ్‌లాక్‌లోని చెక్క పడవల బడిలో చేరతానని, వారమంతా అక్కడే గది తీసుకుని ఉంటానని అంటున్నారు. దరఖాస్తు పంపిన తర్వాతే నాకు చెప్పారు. అప్పటి నుంచి మేము కలిసి వండుకోవడం లేదు, కలిసి తినడం లేదు. కాకినాడ నుంచి అత్తగారు "అంత చదివించింది వడ్రంగం చేయడానికా" అని రోజూ ఏడుస్తున్నారు. నేనేం చేయాలి?

జవాబు: మీ పూర్తి ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో డబ్బు గురించి రాసినవి రెండు వాక్యాలైతే, వంటగది గురించి రాసింది దాదాపు ఒక పేజీ. ఆయన చేపల పులుసు పెడితే మీరు పోపు పెట్టేవారని, పాప గట్టు మీద కూర్చుని వెల్లుల్లి వలిచేదని, మూడు వారాలుగా మీరు వండుకుని గదిలోకి వెళ్లిపోతున్నారని, మొన్న ఆయన చేసిన గోంగూర గిన్నె మూత తీయకుండానే ఫ్రిజ్‌లోకి వెళ్లిందని రాశారు. మీ మామగారు పోయినప్పుడు, నెల రోజులు పెదవి విప్పని మీవారు మొదటిసారి ఏడ్చింది సింకు దగ్గర చేపలు కడుగుతూనే అని కూడా మీరే రాశారు. అందుకే పడవల సంగతి తర్వాత చూద్దాం, ముందు పొయ్యి దగ్గరికి రండి. మీ ఇంట్లో కష్టమైన మాటలన్నీ చేతికి పని ఉన్నప్పుడే, ఒకరి ముఖం ఒకరు చూడనక్కర లేనప్పుడే బయటికి వచ్చాయి. ఇప్పుడు మీ ఇద్దరి ముందూ పన్నెండేళ్లలో అన్నిటికన్నా పెద్ద మాట ఉంది. దాన్ని మాట్లాడుకోగల ఒకే ఒక చోటును మీరే మూసేసుకున్నారు.

తప్పు మీ ఒక్కరిదే అనడం లేదు. ఇంటి ఆదాయాన్ని, పాప వారాన్ని, మీ నిద్రను మార్చే నిర్ణయాన్ని తనలో తాను తీసుకుని, దరఖాస్తు పంపాక మీకు చెప్పడం ముమ్మాటికీ పొరపాటే. మీ కోపం న్యాయమైనది. ఆ మాట ఆయనతో నేరుగా అనండి. గోంగూర ముట్టకపోతే, ఆ కోపం దేనిమీదో ఆయనకు ఎలా అర్థమవుతుంది? దరఖాస్తు దాచినందుకా, జీతం ఆగినందుకా, పడవలంటేనా? ఆయన మూడోదే అనుకుంటున్నారని నాకనిపిస్తోంది. మీరు రాసినదాన్ని బట్టి అసలు కారణం మొదటిది.

ఆయన కోరికను మీరు "పిచ్చి" అన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. పోర్ట్ హాడ్‌లాక్‌లోని బడి 1981 నుంచి నడుస్తోంది. ఈ విద్యలో చేరినవారు ముందుగా ఉలికి పదును పెట్టడం, చిత్రిక పట్టడం, సందు కనిపించకుండా అతుకు వేయడం నేర్చుకుంటారు. పడవ గీతలను నేల మీద నిజమైన కొలతలో గీస్తారు. ఓక్ బద్దను పెట్టెలో ఆవిరి పట్టి, అంగుళం మందానికి సుమారు ఒక గంట చొప్పున ఉడకనిచ్చి, బయటికి తీసిన కొద్ది క్షణాల్లోనే, అది చల్లారేలోగా వంచి బిగిస్తారు. కుడుముల పాత్ర మూత తీయడంలో తొందరపడని మీవారికి ఆ ఓపిక కొత్తదేమీ కాదు. అయితే ఈ పనిలో వచ్చే జీతం సాఫ్ట్‌వేర్ జీతానికి దరిదాపుల్లో ఉండదు. ఆ సంగతి ఆయన తన నోటితో మీకు చెప్పాలి.

మీ ఉత్తరం చివరలో, ఆయనకు చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది అదే. ఆ ప్రాంతంలో పడవలకు ఎక్కువగా వాడే వెస్టర్న్ రెడ్ సీడర్ కలప పొట్టులో ప్లికాటిక్ ఆమ్లం ఉంటుంది. అది కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది. దగ్గు, ఆయాసం చాలాసార్లు పని దగ్గర కాక ఆ సాయంత్రమో, ఆ రాత్రో మొదలవుతాయి. అందువల్ల ఫీజు కట్టకముందే ఆయన ఊపిరితిత్తుల డాక్టరును కలిసి, ఏ కలపతో పని చేయబోతున్నారో పేరుతో సహా చెప్పి పరీక్ష చేయించుకోవాలి. ఇందులో రాజీ వద్దు.

ఆరోగ్య బీమా విషయం కూడా వెంటనే చూడండి. ఆయన కంపెనీ బీమా ఏ తేదీతో ఆగుతుందో కాగితంలో వెతకండి. ఆ తేదీ నుంచి 30 రోజుల్లోపు అడిగితే మీ ఆఫీసు బీమాలో ఆయన్ని చేర్చుకుంటారు, ఆ గడువు దాటితే మళ్లీ నమోదు కాలం వచ్చేదాకా ఆగాల్సి రావచ్చు. పాత బీమానే కోబ్రా అనే అమెరికా చట్టం కింద మామూలుగా 18 నెలల వరకు సాగించవచ్చు గాని, ఖర్చంతా మీదే అవుతుంది. చేతికొచ్చిన ఆరు నెలల జీతంలో ఎంత భాగం ఈ చదువుకు, ఎంత భాగం ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టకూడనిది అన్న లెక్కను ఇద్దరూ కలిసి వేయండి. లెక్కలు మీ వృత్తి కదా, కాగితం మీరే తీయండి.

ఏడాది కట్టుబడే ముందు చిన్నగా మొదలుపెట్టే దారి ఉంది. సియాటిల్‌లో లేక్ యూనియన్ దక్షిణపు ఒడ్డున ఉన్న సెంటర్ ఫర్ వుడెన్ బోట్స్‌లో చెక్కపనికి చిన్న తరగతులు పెడతారు, అది మీ ఇంటికి దగ్గర కూడా. అక్కడ కొన్ని వారాంతాలు పనిచేశాక, చేతులు బొబ్బలెక్కాక కూడా ఆయన ఇదే మాట మీద ఉంటే, అప్పుడు ఒక్క ఏడాదికి ఒప్పుకుని, ఏ నెలలో కూర్చుని మళ్లీ ఆలోచించాలో ఇప్పుడే రాసుకోండి. పాపను తీసుకుని మీరూ ఒకసారి వెళ్లండి. ఆయన చేతిలో చిత్రిక ఉన్నప్పుడు ముఖం ఎలా ఉంటుందో చూడకుండా అవుననీ కాదనీ అనకండి.

అత్తగారి కన్నీళ్ల వెనుక ఉన్నది బెంగ ఒక్కటే కాదు, వడ్రంగం ఫలానా కులం వాళ్ల పని అన్న చిన్నచూపు కూడా ఉంది. దాన్ని మీ ఇంట్లోకి రానివ్వకండి. ఆమె ఇంటికి కూతవేటు దూరంలోని కోరంగి, తాళ్లరేవులు చెక్క ఓడలు కట్టిన చోట్లు. ఆ రేవు పేరు మీదే బర్మాలో మన తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. ఈ సంగతి ఆమెకు చెప్పాల్సింది కొడుకు, కోడలు కాదు. రోజూ వచ్చే ఆ ఫోను ఆయనే ఎత్తాలని అడగండి.

ఇక ఆయన నిజంగా వెళ్తే మీ వారం ఎలా ఉంటుందన్నది. ఎడ్మండ్స్ నుంచి కింగ్‌స్టన్‌కు ఫెర్రీ అరగంట ప్రయాణం, ఆ తర్వాత హుడ్ కెనాల్ వంతెన దాటాలి. అది నీటి మీద తేలే వంతెన. ఓడలు వెళ్లేటప్పుడు, గాలి బలంగా వీచేటప్పుడు మూసేస్తారు. శుక్రవారం సాయంత్రం రద్దీ ఆయనకు ఎదురు దిక్కున ఉంటుంది కాబట్టి సాధారణంగా త్వరగానే చేరతారు, కాని కొన్ని రాత్రులు వంతెన ఆపుతుంది. కాబట్టి కలిసి వండుకునే పూటను శుక్రవారం రాత్రికి పెట్టుకోకండి, శనివారం మధ్యాహ్నానికి పెట్టుకోండి. ఆయన ఆలస్యమైన రాత్రి మళ్లీ గిన్నె మూత పడే పరిస్థితి రాకూడదు.

దానికి ముందు ఈ శనివారం ఉంది. సాల్మన్ ముక్కలు ఆయన్ని కడగమనండి, చింతపండు మీరు నానబెట్టండి. పాప వెల్లుల్లి వలిచి ఆటకు వెళ్లాక, పులుసు మరిగే ఆ అరగంటలో, "నాకు చెప్పకుండా దరఖాస్తు ఎందుకు పంపారు?" అని అడగండి. ఆయన చెప్పేది చివరిదాకా వినండి.