వింగ్ చున్: మూడు నెలలైనా కొట్టడం నేర్పట్లేదా?

"మూడు నెలలుగా నిలబెట్టి చేతులాడించడమే, ఫైటింగ్ ఊసే లేదు" అని మీ క్లాసు గురించి అన్నారు. టెన్షన్ వద్దండీ, చైనా కుంగ్ ఫూలో ఒక శైలైన వింగ్ చున్‌లో వరసే అది. మొదటి ఫారం (వరసగా చేసే కదలికల సెట్) సియు నిమ్ తావ్‌లో పాదం కదలదు. మోకాళ్లు లోపలికి పెట్టి, అరచెయ్యి పైకి తిప్పిన తాన్ సావ్‌ని నత్తనడకన ముందుకు తోయాలి. భుజం బిగిసిందా, మోచెయ్యి పక్కకు పోయిందా అన్నదే అక్కడ చూసేది. నాకైతే తొడలు వణికిపోయేవి!

ఒళ్లు తిప్పడం, అడుగులు, తన్నులు రెండోదైన చుమ్ కియులో వస్తాయి. చెక్కబొమ్మ సాధన ఇంకా తర్వాత. అయితే ఈపాటికి జోడీతో ఒంటిచేతి చి సావ్ (చేతులు తాకించి ఉంచి చేసే సాధన) మొదలుపెట్టాలి, నా లెక్కలో. అదీ లేకపోతే మీ సిఫుని (గురువుని) అడిగేయండి. ఈలోపు అద్దం ముందు చేస్తూ ఉండండి. చెయ్యి తోసినప్పుడు మోచెయ్యి ఒంటికి పిడికెడు దూరంలో ఆగాలి.