3 నుంచి 9 దాకా ఇంగ్లిష్ అంతా ఒక్కరే చెప్పాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇంగ్లిష్ లిటరేచర్‌తో బి.ఏ., తర్వాత బి.ఎడ్. చేసింది. దగ్గర్లో తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లోనూ పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూలు ఉంది. 3వ తరగతి నుంచి 9 దాకా ఇంగ్లిష్ మొత్తం తనే చూడాలంటున్నారు. వాళ్ల నాన్నగారేమో ఉద్యోగం వద్దు, అవనిగడ్డ వెళ్లి ప్రభుత్వ టీచరు ఉద్యోగాల డీఎస్సీ పరీక్షకు కోచింగ్ తీసుకోమంటున్నారు. అమ్మాయికి చేరాలని ఉంది. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: చేరమనండమ్మా. అయితే జీతం కన్నా ముందు టైంటేబుల్ అడగమనండి.

3 నుంచి 9 అంటే ఏడు తరగతులు, ఏడు పాఠ్యపుస్తకాలు, ఏడు కట్టల నోటుబుక్కులు. రోజుకు ఏడు పాఠాలు సరిగ్గా తయారై వెళ్లడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా కష్టమే. కొత్తగా చేరిన అమ్మాయి అయితే దసరా సెలవులు వచ్చేసరికి గొంతు పోగొట్టుకుని, ఆదివారాలు కూడా దిద్దుతూ కూర్చుంటుంది. అందుకే మొదటి ఏడాది నాలుగు తరగతులకు మించి ఒప్పుకోవద్దు. ఏవి కావాలో కూడా తనే అడగాలి: 3 లేదా 4లో ఒకటి, తర్వాత 6, 7, 9.

పై తరగతులు ఎందుకంటున్నానంటే, ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు బి.ఎడ్. అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తేల్చేసింది. ఎస్జీటీ అనే ఆ పోస్టుకు డి.ఎడ్. వాళ్లే వెళ్లాలి. మీ అమ్మాయి దారి హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్, లేదా కేంద్రీయ, నవోదయ విద్యాలయాల్లో పై తరగతులకు చెప్పే టీజీటీ పోస్టు. ఆ పిల్లల వయసు, ఆ సిలబస్ తనకు బాగా అలవాటు కావాలి. మరి చిన్న తరగతి ఒకటి ఎందుకూ అంటే, 9వ తరగతి పిల్లాడు పేరా చదవలేక నీళ్లు నమిలితే, ఆ లోటు ఎక్కడ మొదలైందో 3వ తరగతిలో పాఠం చెప్పినవాళ్లకే తెలుస్తుంది.

తరగతులు ఎక్కువైనా పని తగ్గించుకునే ఉపాయం ఒకటుంది. ఒకే విషయాన్ని అన్ని తరగతులకూ వాడుకోవడం. ధవళేశ్వరం ఆనకట్టనే తీసుకోండి. 3వ తరగతికి బొమ్మ చూపించి నది, కాలువ, పడవ, లాకులు, వీటి ఇంగ్లిష్ పేర్లు పలికించి, అడిగింది వేలుపెట్టి చూపించమంటే చాలు. రాత అక్కర్లేదు. 6వ తరగతికి ఆనకట్ట దగ్గర్నుంచి తమ ఊరి చేను దాకా నీళ్లెలా వస్తాయో వరసగా ఐదారు వాక్యాలు రాయించవచ్చు. సార్వా, దాళ్వా అన్న పంటకాలాల పేర్లు వాళ్లు అలాగే రాస్తే రాయనివ్వండి, పక్కన చిన్న వివరణ ఇంగ్లిష్‌లో రాస్తారు. 9వ తరగతికొచ్చేసరికి కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన పని 1852కల్లా పూర్తయిన కథతో ప్యాసివ్ వాయిస్ చెప్పవచ్చు. ‘ఈ ఆనకట్ట ఎప్పుడో కట్టారు’ అని మనం ఎవరు కట్టారో చెప్పకుండానే అనేస్తాం కదా, అలాంటి చోటే ఇంగ్లిష్‌లో ‘వాజ్ బిల్ట్’ వస్తుందని రెండు నిమిషాలు తెలుగులో చెబితే సరిపోతుంది. ‘కట్టబడెను’ అంటూ పీరియడంతా గింజుకోనక్కర్లేదు.

తెలుగులో చెబితే మేనేజ్‌మెంటు ఊరుకుంటుందా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. పేరుకు రెండు భాషల స్కూలే అయినా, ఇంగ్లిష్ క్లాసులో తెలుగు మాట వినబడితే ఫైన్ వేసే చోట్లున్నాయి. గల్ఫ్ నుంచి ఫీజు పంపే తల్లిదండ్రులు వీడియో కాల్‌లో పిల్లాడి నోట ఇంగ్లిష్ వినాలనుకుంటారు, అందులో తప్పులేదు. కానీ నోరు మూయిస్తే ఇంగ్లిష్ రాదు. నన్నడిగితే అలాంటి స్కూలు వద్దంటాను.

మన రాష్ట్ర పుస్తకాల్లో 2020-21 నుంచి ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఇస్తున్నారు. పిల్లలు చాలామంది తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుని, పరీక్షకు ఇంగ్లిష్ పేజీ బట్టీ పడతారు. ఆ రెండిటినీ కలిపే పని ఎవరి టైంటేబుల్లోనూ ఉండదు, చివరికి ఇంగ్లిష్ టీచరు మీదే పడుతుంది. సైన్సు, సోషల్ టీచర్ల దగ్గర వచ్చే వారం పాఠాల్లోని కష్టమైన మాటలు ముందే తీసుకుని తన క్లాసులో వాడిస్తే, ఆ స్కూల్లో మీ అమ్మాయి విలువ ఏ సర్టిఫికెట్టూ పెంచనంత పెరుగుతుంది.

ఇక డీఎస్సీ. వాళ్ల నాన్నగారి ఆత్రుత అర్థమవుతోంది. కానీ 2018 డీఎస్సీ తర్వాత పెద్ద ఎత్తున పోస్టులు నిండింది 16,347 ఖాళీలతో వచ్చిన 2025 మెగా డీఎస్సీతోనే. మధ్యలో 2024లో వచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. అన్నేళ్లు పుస్తకాలు ముందేసుకుని ఇంట్లో కూర్చున్నవాళ్ల టెన్షన్ చూశాను. నోటిఫికేషన్ రాకముందే కోచింగుకు డబ్బు కట్టడం దండగ. ఇప్పుడు రాయాల్సింది టీచరు అర్హత పరీక్ష, టెట్. డీఎస్సీ ర్యాంకులో దానికి 20 శాతం వెయిటేజీ ఉంది, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది, మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాసుకోవచ్చు. దాంతోపాటు కేంద్రం తరఫున పెట్టే అర్హత పరీక్ష సీటెట్‌లో పేపర్ 2 కూడా రాయమనండి. కేంద్రీయ, నవోదయ విద్యాలయాల టీజీటీకి అది కావాలి. అక్కడ మూలవేతనం 44,900 రూపాయల దగ్గర మొదలవుతుంది. నోటిఫికేషన్ వచ్చాక రెండు మూడు నెలలు సెలవు పెట్టి చదువుకోవచ్చు.

జీతం సంగతికొస్తే, ఎంత అన్నదానికన్నా వేసవి నెలలకు ఇస్తారా లేదా అన్నది స్పష్టంగా అడగాలి. డెమో క్లాసు 9వ తరగతికి మాత్రమే పెట్టమంటే, 3వ తరగతిలోనూ ఒకటి చెప్తానని తనే అడగడం మంచిది. ఆ తరగతిలో ఎంతమందిని కూర్చోబెట్టారో అప్పుడు కళ్లారా చూడొచ్చు. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే మాత్రం ఇవ్వొద్దమ్మా. జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోమనండి. రేపు డీఎస్సీ వెరిఫికేషన్‌కు పిలిచిన రోజున వాటికోసం కరస్పాండెంట్ గది ముందు నిలబడే పరిస్థితి రాకూడదు.