ఆఫీసు ల్యాప్‌టాప్ లోపలికి రానివ్వడం లేదు

ప్రశ్న: ఇంట్లో నెట్ స్లోగా ఉందని ఒక వీడియో చూసి, అడాప్టర్ ప్రాపర్టీస్‌లో వైఫైకి డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టాను. మర్నాడు ఫోన్‌లోనే ఆఫీసు పాస్‌వర్డ్ మార్చుకున్నాను. ఇప్పుడు ల్యాప్‌టాప్‌ని ఆఫీసుకు తెచ్చి వైఫైలో పెట్టినా ‘డొమైన్ అందుబాటులో లేదు’ అంటోంది. సాయంత్రంలోగా రిపోర్టు పంపాలి, చేతులు వణుకుతున్నాయి. – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు టెన్షన్ పక్కన పెట్టండమ్మా, మీ ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. డీఎన్ఎస్ అంటే పేరు చెబితే నెట్‌లో దాని అడ్రసు చూపించేది. 8.8.8.8 అనేది గూగుల్ వాళ్ల డీఎన్ఎస్, దానికి బయటి వెబ్‌సైట్లు తెలుసు గానీ మీ కంపెనీ లోపలి సర్వర్ (లాగిన్‌లు సరిచూసే ‘డొమైన్’ది) పేరు తెలియదు, అందుకే మీ కొత్త పాస్‌వర్డ్ సరైనదో కాదో అడగడానికి ల్యాప్‌టాప్‌కి దారి దొరకడం లేదు.

వైఫై ఆపేసి పాత పాస్‌వర్డ్ కొట్టి చూడండి. చివరగా లాగిన్ అయిన 10 మంది వివరాలను విండోస్ మామూలుగా తనలోనే దాచుకుంటుంది, కాబట్టి చాలావరకు తెరుచుకుంటుంది. తెరుచుకోగానే డీఎన్ఎస్‌ని మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చి, ఆఫీసు వైఫై కలిపి, స్క్రీన్ లాక్ చేసి కొత్త పాస్‌వర్డ్‌తో రండి. అదీ కాకపోతే ల్యాన్ కేబుల్ గుచ్చండి, మీరు మార్చింది వైఫైకి మాత్రమే, కేబుల్ సెట్టింగులు వేరుగా ఉంటాయి.

కానీ తప్పు పాస్‌వర్డ్ పదేపదే కొట్టకండి, అకౌంటే లాక్ అయిపోవచ్చు. ఫార్మాట్ జోలికి అసలు వెళ్లొద్దు. ఐటీ వాళ్లకు ఫోన్ చేసి డీఎన్ఎస్ మార్చానని ఉన్నదున్నట్టు చెప్పండి, ఆ ఒక్క మాట దాచడం వల్లే గంటలు పోతాయి.